అచ్చియ్యమ్మ పెనం

మా పరదేశయ్య గురువుగారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడం కష్టం. ఎవరేది అడిగినా ముందు "ఊఁ" అనేవారు. ఆ తరవాత పక్కనున్న పనేదో చూపించి, "అది కాస్త అందుకో నాయినా" అనేవారు. చీపురు కావచ్చు, ఆవుకు గడ్డి కావచ్చు, పప్పులో రాళ్ళేరడం కావచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు పెద్దాయనకు వినపడలేదేమో అనుకుని గొంతు పెంచి మళ్ళీ అడిగేవారు. పాతవాళ్ళం మేం మొహాలు తిప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయనకు చెవులు నిక్షేపంగా ఉండేవి. పాడయినవి కళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు పెరిగి, వచ్చిన మనిషిని గొంతునుబట్టి పోల్చుకునే స్థితికి వచ్చారు.

కన్నంనాయుడు అడిగిన ప్రశ్న మాత్రం నవ్వుకునేది కాదు. వాడు నా ఈడువాడు, చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. అనకాపల్లి దాపుల మా ఊరికి గెడ్డ నుంచి, అంటే వాగు నుంచి, నీళ్ళు తెచ్చే పాత కాలవ ఒకటుంది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఇసక మేటవేసి అది పూడిపోయింది. కింది పొలాలన్నీ వానదేవుడి దయకు మిగిలాయి. అందరూ అయ్యో అన్నారు, అని ఇళ్ళకు పోయారు. కన్నంనాయుడు ఒక్కడు పోలేదు. ఆ కాలవలో మళ్ళీ నీళ్ళు పారేదాకా కాళ్ళకు చెప్పులు తొడగనని అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ వాడికి వేరే లోకం లేదు. గడపగడపకూ తిరిగి మనుషుల్ని పోగుచేసేవాడు, తవ్వించేవాడు, తనూ తవ్వేవాడు, ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. సగానికి పైగా తవ్వాక ఒక నల్లబండ అడ్డం వచ్చింది. దాన్ని మందుపెట్టి పేల్చాలంటే సర్కారు ఇంజనీరు స్వయంగా వచ్చి చూడాలి. ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అంటూ కాలం గడిచిపోతోంది.

పుష్యమాసంలో ఒక సాయంత్రం, తత్వాలు పాడుకోవడం అయ్యాక, వాడు లేచి నిలబడ్డాడు.

"గురువుగారండీ, మీరు ఉన్న కాడ ఉండమంటారు. నా వల్ల అవటం నేదు. తత్వం పాడతన్నప్పుడు మనసు కాలవ కాడుంటాది. కాలవ కాడున్నప్పుడు ఆఫీసు కాడుంటాది. అన్నం తింటే ఏటి తిన్నానో తెల్దు. మా ఆడది మాటాడితే ఏటన్నాదో తెల్దు. పోనీ రేపటి సంగతి ఒగ్గేద్దామంటే ఈ పనెలా అవుతాది? మనిషికి గమ్యం ఉండాలా, ఉన్న కాడ ఉండడం ఉండాలా? రెండూ ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా?"

 ఊరికే వాదానికి అడిగిన మాట కాదని అందరికీ తెలిసింది. ఆ మాటకొస్తే అక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి అదే జబ్బు. అందుకే ఎవరూ కదల్లేదు.

గురువుగారు "ఊఁ" అన్నారు. కాసేపాగి, "రేపు అచ్చియ్యమ్మ చెరుకు ఆడుతున్నాది. పాకం సూడ్డానికి మనిషి నేడు. నువ్వొచ్చి తెడ్డు పట్టుకో" అన్నారు.

కన్నంనాయుడు మొహం మాడిపోయింది. అయినా గురువాజ్ఞ. సరేనన్నాడు.

అచ్చియ్యమ్మ సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అందదు. పాపం, అంతకు ముందు ఏడాదే ఆవిడ మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్న చెరుకు చేనే ఆధారం. మరిది లోకునాయుడు పెద్దల దగ్గర పంచాయతీ పెట్టాడు. ఆడమనిషి ఒంటిగా చెరుకు పండించడమేమిటి, భూమి తను దున్నుకుని వదినకు తిండిగింజలు పోస్తానన్నాడు. పోస్తాడు, ఎందుకు పొయ్యడు! ఇంటి వెనక కొట్టంలో కుక్కకు పోసినట్టు పోస్తాడు. ఆ సంగతి పెద్దలకూ తెలుసు. అలాగని మొహం మీద కాదనలేక మధ్యేమార్గం ఒకటి చెప్పారు. మా వైపు ఆ ఏటి పంటలో తొలి పెనం బెల్లాన్ని, అంటే మొదటి వాయి బెల్లాన్ని, అమ్మవారికి పెట్టి, పెద్దలు రుచి చూసి, మంచిచెడ్డ చెబుతారు. "ఆ తొలి పెనం నలుగురిలో పెట్టేలాగుంటే సాగు నీదేనమ్మా. నేదంటే మరిది మాట విను" అన్నారు. ఆవిడ తలవంచుకుని ఒప్పుకుంది. ఏడాదంతా ఒంటి చేత్తో చేను పెంచింది. తీరా చెరుకు కొట్టి గానుగ దగ్గరికి చేర్చాక, ఊళ్ళో పాకం చూసేవాళ్ళందరికీ ఒక్కసారే పనులు వచ్చిపడ్డాయి. ఒకడికి పెళ్ళి, ఒకడికి జ్వరం. ఎవరి చెవిలో ఎవరేం ఊదారో నేను చూడలేదు, కాబట్టి చెప్పను. కొట్టిన చెరుకు పులిసిపోతుంది, దానికి ఎవరి పెళ్ళీ పట్టదు. ఆవిడ ఏడుస్తూ వచ్చి గురువుగారి గుమ్మంలో కూర్చుంది.

గురువుగారు ఒకప్పుడు పాకం చూసిన మనిషే. ఆయన దింపిన బెల్లం బంగారపు రంగులో ఉండేదని మా నాన్న చెప్పేవాడు. కళ్ళు మసకబారాక తెడ్డు వదిలేశారు, నురగ రంగు కనపడనివాడు పాకం చూడకూడదని. కన్నంనాయుడు కుర్రతనంలో ఆయన దగ్గరే ఆ పని నేర్చుకున్నాడు.

మర్నాడు గానుగ పాకలో పొయ్యి వెలిగింది. పాక అంటే నాలుగు గుంజలూ పైన తాటాకూను. పొయ్యి నోటి దగ్గర గురువుగారే కూర్చుని ఎండిన చెరుకు పిప్పి ఎగదోస్తున్నారు. మంట చూడ్డానికి కళ్ళక్కర్లేదు, ఒళ్ళు చాలు అన్నారు. నేను పిప్పి మోపులు మోసుకొచ్చి ఆయన పక్కన పడేస్తున్నాను. అచ్చియ్యమ్మ రసం మీద తేలే మడ్డి తీస్తోంది. కన్నంనాయుడు పెనం పక్కన నిలబడి తెడ్డు తిప్పుతున్నాడు.

బెల్లం తినేవాళ్ళందరికీ బెల్లం వండటం తెలియాలని లేదు గనక రెండు మాటలు చెబుతాను. రసం కాగి, చిక్కబడి, చివరికి పసుప్పచ్చ నురగ పొంగి మళ్ళీ కిందికి కూర్చుంటుంది. అప్పుడు చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఇత్తడి పళ్ళెం మీదికి విసురుతారు. ఠంగుమంటే పాకం వచ్చినట్టు. కానీ ఠంగుమన్నాక పొయ్యిలో మంట బయటికి లాగితే పని చెడిందన్నమాటే. పెనానికి పట్టిన వేడి ఊరుకోదు, లోపల ఉడికిస్తూనే ఉంటుంది, బెల్లం నల్లబడి చేదెక్కుతుంది. ముందుగా లాగితే గట్టిపడదు, నీరు కారుతుంది. ఠంగుమనడానికి కాస్త ముందు, ఆ కాస్త ఎంతో ఎవరూ చెప్పలేరు, పాకం చూసేవాడు "లాగు" అనాలి. అందుకే మా వైపు ఒక కట్టుబాటుంది. పెనం పొంగెక్కాక తెడ్డు చెయ్యి మారకూడదు. మొదటినుంచీ తిప్పిన మణికట్టుకే ఆ చిక్కదనం తెలుస్తుంది. నడిమధ్యలో వచ్చినవాడికి ఏం తెలుస్తుంది?

పొద్దు వాలింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చూరు కింద కూర్చున్నారు. ఊరి పెద్ద సన్యాసయ్యగారు చుట్ట కాల్చుకుంటున్నారు. లోకునాయుడు భుజాన కొత్త తువ్వాలు వేసుకుని పెళ్ళివారింటికి వచ్చినట్టు వచ్చాడు. పెనం మంచి పొంగు మీదుంది. సరిగ్గా అప్పుడు తలారి గవరయ్య పొలాలకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు.

"కన్నంనాయుడుగారండీ! ఇంజనీరుగారొచ్చీసినారు! గెడ్డ కాడ జీపాగుంది. బండ ఎవులు సూపిత్తారని అడుగుతున్నారు. ఎంటనే రావాలంట, పొద్దుగూకితే ఆగనంటున్నారు!"

ఇంకెవరైనా వెళ్ళి చూపించకూడదా అంటారు మీరు. బండ చూపించవచ్చు, బండేమన్నా దాక్కుందా? కాలవ ఎక్కడ మలుపు తిరగాలి, ఎవరి గట్టు పోతుంది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు లేదు, ఆ భోగట్టా అంతా కన్నంనాయుడి బుర్రలోనే ఉంది. ఇంకొకడికి కూర్చోబెట్టి చెప్పింది లేదు. వాడికంత తీరిక ఏదీ? "కాస్త ఆపి ఉంచు గవరయ్యా, ఎలాగోలాగ ఆపి ఉంచు" అని వాడు కేకేశాడు. గవరయ్య వచ్చిన దారినే పరిగెత్తాడు.

తెడ్డు ఆగలేదు. తిరుగుతూనే ఉంది. మాకెవరికీ ఏ తేడా తెలియలేదు. పొయ్యి నోటి దగ్గర గురువుగారు మాత్రం పిప్పి ఎగదోయడం ఆపి తల ఎత్తారు.

"తెడ్డు పట్టుకున్నది ఎవుళు?"

"నానేనండి, కన్నంనాయుణ్ణి."

"నువ్వు గెడ్డ కాడికి ఎల్లిపోనావు కదా."

వాడు తెల్లబోయాడు. ఒంట్లోంచి చెమట ధారగా కారుతోంది. గురువుగారి గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండును అనిపించింది నాకు.

"ఎల్తే మొత్తం ఎల్లు నాయినా. ఉంటే మొత్తం ఉండు. సగం మనిషి అక్కడికీ పనికిరాడు, ఇక్కడికీ పనికిరాడు."

అప్పుడు అచ్చియ్యమ్మ మడ్డి తీసే చిల్లుల గరిట కింద పెట్టి లేచింది. ఆవిడ అలా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఎల్లు తమ్మీ. నా బెల్లం పోతే నానొక్కదాన్నే పోతాను. కాలవొస్తే ఊరు ఊరంతా బతుకుతాది. తెడ్డు ఇలాగియ్యి. వొచ్చింది వొచ్చినట్టే దింపుకుంటాను."

అని చెయ్యి చాపింది.

"వొదిన సెప్పింది నిజమే కదా! ఊరి మంచి సూడాల" అన్నాడు లోకునాయుడు. ఆ క్షణాన ఆ మనిషికి ఎంత ధర్మం పుట్టుకొచ్చిందో! సన్యాసయ్యగారు చుట్ట తీసి వాడివైపు ఒక చూపు చూసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు.

కన్నంనాయుడు గెడ్డ దారి వైపు చూశాడు. దూరంగా జీపు రేపిన దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. ఇన్నాళ్ళూ వాడు కళ్ళలో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిన దుమ్ము అది. తరవాత చాపిన ఆ చెయ్యి వైపు చూశాడు. కాయలు కాచిన చెయ్యి. మనిషి నిబ్బరంగా నిలబడింది. నాకైతే వెళ్ళిపోరా అని అరవాలనీ ఉంది, ఉండరా అని అరవాలనీ ఉంది.

కన్నంనాయుడు ఎడం చేత్తో తలగుడ్డ ఊడదీసి, మొహం తుడుచుకుని, మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. పెనం వైపు తిరిగి నిలబడ్డాడు, గెడ్డ దారి వీపు వెనక పడేలాగ.

ఆ తరవాత గడిచిన కాసేపట్నీ ఎలా చెప్పాలో నాకు తెలియదు. జరిగింది ఏమీ లేదు. ఒక మనిషి పెనంలో తెడ్డు తిప్పాడు, అంతే. కానీ మా మాటలు ఆగిపోయాయి. లోకునాయుడు కూడా దగ్గలేదు. కన్నంనాయుడి పెదాలు బిగుసుకుని లేవు, కనుబొమలు ముడిపడి లేవు. పసిపిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చున్న తల్లి మొహంలాగ ఉంది వాడి మొహం. గవరయ్య మళ్ళీ ఒకసారి గట్టు మీదికొచ్చి కేకేశాడు. వాడికి వినపడలేదు. వినపడనట్టు నటించడం కాదు, వినపడలేదు. నురగ పొంగింది. రంగు తిరిగింది. బుడగల చప్పుడు గలగల నుంచి గుడగుడలోకి దిగింది. వాడింకా నీళ్ళలో చుక్క వేసి చూడను కూడా లేదు.

"లాగండి" అన్నాడు, మెల్లగా.

చూరు కింద ఒకాయన "అప్పుడేనా?" అన్నాడు. గురువుగారు ఆ మాట పట్టించుకోలేదు. గోకుడు కర్రతో మండుతున్న పిప్పినంతా ఒక్క ఊపున బయటికి లాగేశారు. నిప్పు తునక ఎగిరి పాదం మీద పడితే దులుపుకోనైనా లేదు. నలుగురం పెనం చెవులు పట్టి ఎత్తి చెక్క తొట్టిలో పాకం వంచాం. అప్పుడు అచ్చియ్యమ్మ చల్లనీళ్ళలో చుక్క వేసి, ఉండ చేసి, పళ్ళెం మీదికి విసిరింది.

ఠంగుమంది.

సన్యాసయ్యగారు లేచి వచ్చారు. ఆరుతున్న బెల్లం అంచు విరిచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "అమ్మవారికి ఎట్టీయమ్మా. సాగు నీదే" అన్నారు. లోకునాయుడు తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. అచ్చియ్యమ్మ పొయ్యి పక్కనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, మొగుడు పోయిన నాడు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వింటే మాకూ కళ్ళు ఆగలేదు.

ఆ ఏడుపుకే కన్నంనాయుడు ఈ లోకంలోకి వచ్చాడు. చుట్టూ చూశాడు. తెడ్డు పక్కకు పడేసి పరుగెత్తాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను. గెడ్డ ఒడ్డున చక్రాల జాడలున్నాయి, జీపు లేదు. గవరయ్య ఒక్కడే తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎంత బతిమాలినా ఆగనేదు బాబూ. మళ్ళీ ఈ దిక్కుకి వొచ్చే ఏడేనంట" అన్నాడు. కన్నంనాయుడు ఆ నల్లబండ మీద కూలబడి, సిగ్గుపడకుండా, పెద్దగా ఏడ్చాడు.  వచ్చే ఏడంటే ఇంకో పంట ఎండిపోవడమే కదా.

మర్నాడు తెల్లవారుతూనే వాడు గురువుగారి ముందు నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాత్రి కునుకు లేదని చూస్తేనే తెలుస్తోంది. గురువుగారు అరుగు మీద కూర్చుని పాదం మీద బొబ్బకు వెన్న రాసుకుంటున్నారు.

"అచ్చియ్యమ్మ బతికింది, అది సాలు. దానికి నాను ఏడవటం నేదండి. కానీ నా పని పోనాది. నా ప్రశ్న ప్రశ్నలాగే ఉన్నాది. తప్పు సేసినానా, ఒప్పు సేసినానా, అదైనా సెప్పండి."

"నిన్న తెడ్డు పట్టుకున్నాక ఏటి కనపడింది?" అని అడిగారు గురువుగారు.

కన్నంనాయుడికి ఆలోచించనక్కర్లేకపోయింది. నురగ ముందు తెల్లగా ఎలా లేచిందీ, ఎక్కడ పసుపు తిరిగిందీ, పెనానికి తూర్పు వైపు మంట కాస్త జోరుగా ఉండి అటు పక్క బుడగలు ఎలా పెద్దవయ్యాయీ, తెడ్డు మణికట్టులో ఎప్పుడు బరువెక్కిందీ, అంతా చెప్పుకుపోయాడు. చెబుతుంటే వాడి మొహంలో ఏడుపు దానంతటదే ఆగిపోయింది. గురువుగారు చెవి ఒగ్గి, తనకు కనపడని ఆ పెనాన్ని అంతా వాడి నోట విన్నారు.

"బాగున్నాది" అన్నారు. "మరి రెండేళ్ళనించి కాలవ కాడికి ఎల్తన్నావు కదా. అక్కడ ఏటి కనపడింది, అదీ సెప్పు."

కన్నంనాయుడు నోరు తెరిచాడు.  బండ ఉందన్నాడు. ఇసక ఉందన్నాడు. అంతటితో ఆగిపోయాడు. పక్కన నిలబడి తవ్విన మనుషుల్లో ఎవరి చెయ్యి ఎలా పడుతుందో, ఎవడు ఎందుకు మధ్యలో మానేశాడో, గట్టు మట్టి ఎక్కడ మెత్తనో ఎక్కడ గట్టో, ఒక్కటీ వాడికి గుర్తు రావడం లేదు. వాడు అక్కడ రోజూ చూసింది ఇంకా రాని నీళ్ళని. నాకు వాడి మొహం చూడబుద్ధి కాలేదు.  

తరవాత వాడు వంగి, గుమ్మం పక్కన ఉన్న పార అందుకున్నాడు. ఎవరూ అందుకోమనలేదు.

గురువుగారు ఆ పార చప్పుడు విన్నారు. వెన్న గిన్నె మీద మూత పెట్టి, అటు తల తిప్పి అన్నారు:

"ఎండెక్కక ముందే ఎల్లు నాయినా. ఆ కాలవ నిన్నింకా ఒక్కసారైనా సూడనేదు."